వాపూ బలుపూ

"వాపును చూసి బలుపు అనుకోరాదు" అని తెలుగు సామెత. పైరూపాన్ని నమ్మి మోసపోవద్దని దాని భావం. కరవు సీమలో ఈ మాటకు అక్షరార్థమే చెల్లుతుంది. అన్నం లేక కృశించిన దేహం ఒక దశలో నీరు పట్టి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఆరోగ్య చిహ్నం కాదు, ఆకలి చిహ్నం.

1800లో నిజాం నుండి ఆంగ్లేయుల వశమైన దత్తమండలాలలో కడప ఒకటి. పెన్నా పరీవాహకంలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, రాజుపాలెం, పులివెందుల ప్రాంతాల రైతులు తరతరాలుగా వానను నమ్ముకొని జొన్న, కొర్ర పండించినవారు. 1876లో వానలు మొగం చాటేశాయి. మద్రాసు రాజధానిని రెండేళ్లు పీడించిన ఆ మహాక్షామం తెలుగు సంవత్సరం పేరిట 'ధాత కరవు'గా జనుల నోట నిలిచింది. బళ్లారి, కర్నూలు, కడప మండలాలు మిక్కిలి నష్టపోయాయి.

కరవు పనులకు వచ్చిన కూలీకి ఎంత తిండి చాలు? ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో రోజుకు ఒక పౌను ధాన్యపు ధరను, దానిపై కొద్దిపాటి పైకాన్ని కూలిగా నిర్ణయించాడు. కాయకష్టం చేసే మనిషికి ఇది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ వాదం ఫలించి అదే సంవత్సరం కూలి పెరిగింది.

పౌను అనగా సుమారు 450 గ్రాములు. అది దాదాపు 1,600 కేలరీల శక్తినిస్తుంది. ఇంచుమించు ఇంతే ఆహారంతో ఏమి జరుగుతుందో 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరీక్షించింది. ఆన్సెల్ కీస్ నాయకత్వంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా 24 వారాలు అర్ధాకలితో గడిపారు. వారి బరువు నాలుగోవంతు వరకు తగ్గింది. కరవు కూలీలకు మొదట ఆ ఆరోగ్యమూ లేదు, వైద్యుల పర్యవేక్షణా లేదు.

ఆకలి మొదట తాకేది నీటినే. కాలేయంలోను, కండరాలలోను నిల్వ ఉండే గ్లైకోజెన్ ఒక్కొక్క గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ఆ నిల్వ కరిగి, దానితోపాటు నీరూ వెడలిపోతుంది. కనుకనే తొలిరోజులలో బరువు వేగంగా దిగుతుంది. అటుపిమ్మట కొవ్వు, దానితోపాటు కండ కరుగుతాయి. కాని కణాల వెలుపలి నీరు అదే నిష్పత్తిలో తగ్గదు. శరీరం చిక్కినకొద్దీ అందులో నీటి పాలు పెరిగి, చీలమండలు, ముఖం వాస్తాయి. అప్పుడు త్రాసు చూపే బరువు నిజమైన క్షీణతను దాచివేస్తుంది.

నెత్తురు కూడా పలుచబడుతుంది. మాంసకృత్తులు, ఇనుము, ఫోలిక్ ఆమ్లం చాలనప్పుడు ఎముకల మజ్జలో ఎర్రకణాల ఉత్పత్తి మందగిస్తుంది. హిమోగ్లోబిన్ తగ్గి, ఆయాసం, నీరసం కలుగుతాయి. గుండె కొట్టుకొనే వేగం సైతం తగ్గుతుంది.

ఇట్టి దేహానికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టడమూ ప్రమాదమే. రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం హఠాత్తుగా కణాలలోనికి చేరి, గుండె లయ తప్పవచ్చు. అందుచేత వైద్యుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా ఆహారం పెంచాలి.

ధాత కరవునాడు ఆకలి విధివశాన వచ్చింది. నేడు కొందరు విద్యార్థులు సన్నబడాలనే కోరికతో దానిని తామే కొనితెచ్చుకొంటున్నారు. వారం రోజులలో తగ్గిన రెండు మూడు కిలోలలో అధికభాగం నీరేనని, తిరిగి అన్నం తినగానే అది మరలి వస్తుందని వారు గ్రహించాలి. త్రాసు ముల్లు బరువును మాత్రమే చెబుతుంది. పోయినది కొవ్వో, కండో, నీరో అది చెప్పదు. వాపు బలుపు కానట్లే, బరువు తగ్గడమంతా ఆరోగ్యం కాదు.