తొలి ఉద్యోగము – తూకపు పాఠము



మన ఇండ్లలో ఏటేట వేసవి ముగియునప్పటికి ఒక ప్రశ్న తల యెత్తుచుండును. నాలుగేండ్లు ఇంజనీరింగు చదివిన కుమారుడో కుమార్తెయో చేత నియామక పత్రము పట్టుకొని నిలుచును. చేరవలెనా, మానవలెనా? రెండు పత్రములున్నచో దేనిని కైకొనవలెను? ఇంటిలో ప్రతివారు ఒక్కొక్క మాట చెప్పుదురు. కడకు అంకె పెద్దదైన పత్రమే గెలుచును. ఈ తూకము సరియైనదేనా యని విచారించుటయే ఈ పాఠమున మన పని.

కాయకమను మాట మనకు క్రొత్తది కాదు. బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారమును చూచినవాడు. లెక్క తెలిసిన ఉద్యోగి. కావున ఉద్యోగమును, జీతమును లెక్కించి చూచుట భక్తికి వెలితి యని ఎవరును తలపవలదు. అయితే లెక్క సగములో ఆపరాదు. అదియే ఇచట చెప్పదలచినది.

రెండు పత్రములు

నా పూర్వ విద్యార్థి యొకడు చిక్కడపల్లి వాసి. తండ్రి సుల్తాన్ బజారులో ఒక బట్టల దుకాణమున గుమాస్తా. కుర్రవాడు కోఠి కాలిబాట మీది పాత పుస్తకములతోనే మెకానికల్ ఇంజనీరింగు ముగించినాడు. చదువుకై బ్యాంకులో తెచ్చిన అప్పు 4 లక్షలు. తల్లికి నెలనెల మందులు. ఒకనాటి సాయంకాలము తండ్రీకొడుకులు మా ఇంటికి వచ్చి రెండు పత్రములు నా ముందు పెట్టినారు.

మొదటిది గచ్చిబౌలి వైపున నున్న ఒక సాఫ్ట్‌వేర్ సంస్థది. ఏడాదికి 3,60,000 రూపాయలు. రెండేండ్లలోపల విడిచినచో 2 లక్షలు చెల్లింపవలెనను బాండు కలదు. రెండవది బాలానగరులో యంత్రభాగములు చేయు ఒక చిన్న కార్ఖానాది. నెలకు 18,000. ఒక యేడు శిక్షణ, పిమ్మట పనితీరును బట్టి స్థిరపరతురు. బాండు లేదు.

తండ్రి అన్నాడు: "సార్, నెలకు ముప్పై వేలెక్కడ, పద్దెనిమిది వేలెక్కడ! వీడు మాత్రం బాలానగర్ అంటున్నాడు. మీరైనా చెప్పండి."

నిజము చెప్పవలెనన్న నా నోటికి మొదట వచ్చినది తండ్రి మాటయే. కాని కుర్రవాడు తలవంచుకొని కూర్చుండుట చూచి, ఒక తెల్లకాగితము తెమ్మన్నాను.

మొదటి మెట్టు: చేతికి వచ్చునది ఎంత?

సంస్థలు పత్రమున చూపు సంవత్సర మొత్తము జీతము కాదు. ఉద్యోగిపై సంస్థకగు వ్యయము. 3,60,000లో సంస్థ భవిష్యనిధికి చెల్లించునది 21,600, గ్రాట్యుటీ పేర చూపినది 8,654, బీమా 6,000, పనితీరును బట్టి ఇత్తుమనునది 36,000. ఇవి తీసివేయగా 2,87,746, నెలకు 23,978. అందు కుర్రవాని వంతు భవిష్యనిధి 1,800, వృత్తిపన్ను 200 పోగా చేతబడునది 21,978. ముప్పై వేలు ఇరువది రెండు వేలైనది!

బాలానగరు పత్రమున నెల జీతము 18,000. మూలవేతనము 9,000 గావున భవిష్యనిధికి 1,080, వృత్తిపన్ను 150 పోగా చేతికి 16,770.

ఇక ఖర్చు చూతము. 4 లక్షల అప్పును నూటికి ఏడాదికి 10 వంతున ఏడేండ్లలో తీర్చవలెనన్న నెలకు సుమారు 6,640. ఇంటికి ఈయవలసినది 8,000. గచ్చిబౌలికి పోవలెనన్న మెట్రోలో పరేడ్ గ్రౌండ్సు వద్ద బండి మారి రాయదుర్గము వరకు, అచటినుండి ఆటో. మధ్యాహ్న భోజనము బయట. ఇవి కలిపి నెలకు 4,500 అని కుర్రవాడే లెక్కించినాడు. బాలానగరు కార్ఖానా రాకపోకలకు బండి, మధ్యాహ్న భోజనము తానే సమకూర్చును. అన్నియు పోగా మొదటి ఉద్యోగమున మిగులునది 2,838. రెండవ దానిలో 2,130. పండ్రెండు వేల భేదమని తండ్రి తలచినది నెలకు 708 రూపాయలకు దిగినది. తండ్రి ఆ కాగితమును చాలసేపు చూచినాడు.

ఇందువలన చిన్న జీతమే మేలని నేననుట లేదు. ఇంకొక ఇంటిలో ఇదే లెక్క వేరుగా తేలవచ్చును. లెక్క వేయక నిర్ణయింపరాదని మాత్రమే నా మాట.

రెండవ మెట్టు: పత్రములోని నియమములు

బాండు గురించి మనవారిలో రెండు భ్రమలు కలవు. అది చెల్లని కాగితమని కొందరు, సంతకము చేసినచో బానిసయగునని కొందరు. రెండును సరికావు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 27వ సెక్షను వృత్తిని నిరోధించు ఒప్పందములను చెల్లనీయదు. అయినను ఉద్యోగకాలమునకు సంబంధించిన కనీస సేవా నియమము దానికి విరుద్ధము కాదని 2025 మే నెలలో విజయా బ్యాంకు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మూడేండ్లలోపల విడిచిన ఉద్యోగి చెల్లించిన 2 లక్షలను సమర్థించినది. అదే చట్టము 74వ సెక్షను ప్రకారము ఒప్పందమున ఎంత వ్రాసినను దానికి మించకుండ, తగిన పరిహారము మాత్రమే రాబట్టవచ్చును. కావున బాండు చూచినప్పుడు మొత్తమెంత, కాలమెంత, దానికి బదులుగా నిజముగా నేర్పునదేమి యని మూడు ప్రశ్నలు వేయవలెను. మూల ధ్రువపత్రములను మాత్రము ఎవరి చేతిలోను ఉంచి రావలదు. చూపుట వేరు, అప్పగించుట వేరు.

గ్రాట్యుటీకి ఐదేండ్ల సేవ యను నియమము 1972 చట్టము నాటినుండి ఎరిగినదే. 2025 నవంబరు 21న క్రొత్త కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చిన పిదపను శాశ్వతోద్యోగికి ఆ నియమము నిలిచియున్నది; నిర్ణీతకాల ఒప్పందముపై చేరినవారికి మాత్రము ఒక్క యేటి సేవతోనే హక్కు కలిగినది. పత్రమున "నిర్ణీతకాలము" అని యున్నదో లేదో ఇందుకే చదువవలెను.

మూడవ మెట్టు: సంస్థ నిలుచునా, విద్య నిలుచునా?

ఇచట నా ఇంటి కథ యొకటి చెప్పవలెను. మా తమ్ముడు పెద్ద పేరున్న ఒక కర్మాగారమున చేరినప్పుడు వీధివారెల్ల మమ్ము అభినందించినారు. తొమ్మిదేండ్లు ఒకే బల్లయొద్ద ఒకే రిజిస్టరు వ్రాసినాడు. కర్మాగారము మూతపడిన నాడు వానికి మిగిలినది అనుభవ పత్రము మాత్రమే, అనుభవము కాదు. తిరిగి నిలదొక్కుకొనుటకు ఏడేండ్లు పట్టినది. వానిని ఆ ఉద్యోగమునకు పంపినవారిలో నేనొకడను.

మన నగర చరిత్రమే ఈ పాఠమును పెద్ద అక్షరములతో వ్రాసినది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి, లేని ధనమును లెక్కలలో ఉన్నట్లు చూపితిమని స్వయముగా ఒప్పుకొనినాడు. అంతవరకు ఆ సంస్థలో ఉద్యోగమనిన పెండ్లి సంబంధములలో ఒక యోగ్యత. వేలాది యువకులు ఒక్క ఉదయముతో అనిశ్చితిలో పడినారు. ఆ ఏప్రిలులో టెక్ మహీంద్రా దానిని చేపట్టినది. ప్రభుత్వ సంస్థ యైనచో భయము లేదందురా? 1961లో కేంద్ర ప్రభుత్వము స్థాపించిన ఐ.డి.పి.ఎల్. 1992లో రుగ్ణ పరిశ్రమగా ప్రకటింపబడినది. బాలానగరులోని దాని కర్మాగారమును ఎరుగని పాత హైదరాబాదీ ఉండడు.

అయితే ఆ ఐ.డి.పి.ఎల్.లోనే 1969లో ఒక యువ రసాయన శాస్త్రజ్ఞుడు ఉద్యోగమున చేరినాడు. 1975 వరకు అచట ఔషధముల తయారీని చేతులతో నేర్చినాడు. ఆయనయే కల్లం అంజిరెడ్డి. 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను స్థాపించినవారు. నేర్పిన సంస్థ క్షీణించినది. నేర్చిన విద్య క్షీణింపలేదు. హైదరాబాదు మందుల పరిశ్రమకు పేరు తెచ్చినవారిలో ఆ విద్యతో ఎదిగినవారు కలరు. అందరును అంజిరెడ్డులు కాజాలరు. కాని చేరిన చోట ఏమి నేర్తునను ప్రశ్నను అందరును అడుగవచ్చును.

కావున కుర్రవానిని రెండు సంస్థలకు మరల పంపి మూడు సంగతులు తెలిసికొని రమ్మన్నాను. తొలి యేడు నా చేత ఏ పని చేయింతురు? నేను ఎవరి ప్రక్కన కూర్చుందును? మూడేండ్ల క్రితము చేరినవారు ఇపుడెచట నున్నారు?

సాఫ్ట్‌వేర్ సంస్థవారు, శిక్షణ పిమ్మట ఏ విభాగమున వేయుదురో ముందుగా చెప్పజాలమనిరి. రాత్రివేళ పనియు ఉండవచ్చుననిరి. బాలానగరులో ఆరు నెలలు యంత్రముల వద్ద, పిదప సి.ఎన్.సి. ప్రోగ్రామింగు, ఆ పిమ్మట తనిఖీ విభాగమని చెప్పి, ముప్పదియేండ్ల అనుభవము గల ఫోర్‌మన్‌ను చూపినారు. అయితే కుర్రవాడు ఇంకొక ప్రశ్న తానే వేసినాడు: "మీ ఆర్డర్లలో ఒక్క కొనుగోలుదారుని వంతెంత?" సగమునకు మించి యని జవాబు. అది చిన్న అపాయము కాదు. అదియు కాగితముపై వ్రాసికొన్నాము.

నిర్ణయము

శరణుల కథలలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మీరెరుగుదురు. రాలిన బియ్యము ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చినప్పుడు, అక్కరకు మించినది తిరిగి పోసి రమ్మని లక్కమ్మ పంపినది. జీతము వద్దని ఆ కథ చెప్పదు. ముందు అక్కర యెంతో తెలిసికొమ్మని చెప్పును. అక్కర తెలిసినవానికే ఎంపిక చేయు స్వేచ్ఛ కలుగును. మన కుర్రవాడు అప్పుకు 6,640, ఇంటికి 8,000 అని తెలిసికొన్న పిదపనే తన మనసులోని మాట ధైర్యముగా చెప్పగలిగినాడు. యంత్రముల పనియే తనకిష్టమన్నాడు. తండ్రి కొంతసేపు ఊరకుండి, "నీ కాయకం నీది, కానీ అప్పు వాయిదా తప్పకూడదు" అన్నాడు. అంతకు మించిన ఆశీర్వాదము వేరేమి కావలెను?

మూడు నియమములతో వాడు బాలానగరులో చేరినాడు: మూడేండ్లకు ఒకసారి ఈ కాగితమునే మరల వ్రాయుట; గేట్ పరీక్షలో వచ్చిన మార్కు మూడేండ్లు చెల్లును గావున ఆ పరీక్ష వ్రాసి ఇంకొక ద్వారము తెరచి యుంచుట; మూడు నెలల వాయిదాలకు సరిపడు సొమ్ము ముందుగా కూడబెట్టుట.

ఇపుడు వానికి రెండవ యేడు. అంతయు సుఖమే యని వ్రాసిన అసత్యమగును. ఆ పెద్ద కొనుగోలుదారు చెల్లింపు ఆలస్యము చేయగా ఒక నెల జీతము పది దినములు జాగుగా వచ్చినది. కూడబెట్టిన సొమ్ము ఆ నెల ఆదుకొనినది; వాయిదా తప్పలేదు. మొన్న చిక్కడపల్లి గ్రంథాలయము మెట్లపై కనబడి, ఐదు అక్షముల యంత్రమునకు తానే స్వయముగా ప్రోగ్రాము వ్రాసితినని చెప్పినాడు. చెప్పునప్పుడు వాని ముఖమున నున్న వెలుగును ఏ జీతపు పట్టికలోను చూడలేము.

గచ్చిబౌలికి పోవువారు తప్పు చేసినట్లు కాదు. కంప్యూటరు విద్యయందు మక్కువ గలవానికి అదియే తగిన కాయకము. అట్టివానిని జీతము తక్కువైనను కార్ఖానాకే పొమ్మని త్రోయుటయు అన్యాయమే.

ఇంట కూర్చుండి ఆలోచింపదగిన ప్రశ్నలు

1. పత్రములోని అంకెలో నెలనెల చేతికి వచ్చునదెంత? మీరే కాగితముపై తేల్చి చూడుడు.
2. ఇంటికి నిజముగా కావలసినదెంత? బిడ్డకు ఆ లెక్క ఎన్నడైనను విప్పి చెప్పితిరా?
3. మూడేండ్ల పిదప ఆ సంస్థ మూతపడినచో మీ బిడ్డ చేతిలో మిగులు విద్య ఏది?
4. ఉద్యోగమును ఎంచుకొనునది బిడ్డయా, లేక వీధిలోని నలుగురి మాటయా?

ఈ నాల్గింటికి తల్లిదండ్రులు, బిడ్డలు కలిసి కూర్చుండి జవాబు వ్రాసికొన్న పిమ్మట సంతకము చేయుడు. సంతకమునకు ఒక్క నిమిషము చాలును. ఈ లెక్కకు ఒక సాయంకాలము పట్టును. ఆ సాయంకాలమును బిడ్డకు ఇండు.