టిప్పు చూసి కాదు, జీతం చూసి పో

కోరుట్ల

అల్లుడా,

దుబాయ్‌ల పెద్ద హోటల్ల వెయిటర్ పని దొరికేటట్టున్నదని, జగిత్యాలల ఏజెంటుతోని మాటలు నడుస్తున్నయని సిరిసిల్ల నుంచి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం. మరమగ్గం మీద బతికే ఇంట్ల పుట్టినోనివి, బట్టకు గిరాకీ పడిపోతే ఇల్లెట్ల గడుస్తదో చూసినోనివి. నాలుగు పైసలు వెనకేసుకోవాలన్న నీ ఆరాటం నాకు ఎరుకే. కానీ "జీతం తక్కువే గని, టిప్పులే జీతం కన్న ఎక్కువస్తయట" అని ఏజెంటు చెప్పిన మాట నమ్మి మీరు అప్పుకు తిరుగుతున్నరట. అది నాకు నచ్చలే బిడ్డా. నింపాదిగ చదువుకుంటవని ఉత్తరం రాస్తున్న.

దుబాయ్ హోటళ్లల్ల బల్లల నడుమనే నా వయసు గడిచింది. టిప్పు వస్తది, అబద్ధం కాదు. చలికాలం టూరిస్టులు దిగినప్పుడు మంచిగనే వస్తది. జూన్ నుంచి ఆగస్టు దాక ఎండలకు వాళ్లు తగ్గుతరు. రంజాన్ నెలల పగటి గిరాకీ పడిపోతది. నీ అప్పుకు మాత్రం నెలనెలా మిత్తి కట్టాలె. జీతం బాయి కింది మడి, టిప్పు వానకు పండే చెలక. వానను నమ్మి మిత్తికి పైసలు తేవద్దు.

ఇంకో సంగతి. అక్కడ ప్రైవేటు కొలువుల్ల మనసొంటి బయటి దేశపోళ్లకు ఇంతకన్న తక్కువ జీతం ఇయ్యద్దన్న గీత లేదు. ఒప్పందం కాగితం మీద ఏమున్నదో అదే నీకు ఆధారం. అండ్ల బేసిక్ జీతం ఎంతో ముందుగాల చూడు. ఓవర్‌టైం ఆ బేసిక్ మీదనే కడుతరు. ఏడాది దాటి పనిచేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా దాని మీదనే, మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ లెక్కన. నువ్వు ఎన్ని టిప్పులు సంపాయించినా ఆ లెక్కల ఒక్క దిర్హం కలువది. టిప్పులను చూపెట్టి బేసిక్ తగ్గించుడంటే, నువ్వు ఇంటికొచ్చే రోజు చేతికి రావాల్సిన పైసలకు ఇప్పుడే కోత పెట్టుడు.

బిల్లు మీద సర్వీస్ చార్జి చూసి కూడా మురువకు. దుబాయ్ హోటళ్లల్ల బిల్లుకు 10 శాతం సర్వీస్ చార్జి, 7 శాతం మున్సిపాలిటీ ఫీజు, 2018 నుంచి 5 శాతం వ్యాట్ కలుపుతరు. తిన్నోడు ఆ పది శాతం వెయిటర్‌కే పోతదనుకొని వేరే ఏమీ పెట్టకుండ లేస్తడు. అది నీ దాక వస్తదో రాదో యాజమాన్యం చేతిల ఉంటది. అందుకే చేరేముందే అడుగు: సర్వీస్ చార్జిల మాకు వాటా ఉన్నదా? కార్డు మీద ఇచ్చిన టిప్పు ఎప్పుడిస్తరు? అందరి టిప్పులు వేసే డబ్బాల పడ్డది ఎట్ల పంచుతరు? డబ్బా పద్ధతి ఉన్నకాడ నీ బల్ల మీద దొరికింది డబ్బాలనే వెయ్యి. గిన్నెలు కడిగేటోనికి, వంటోనికి అండ్ల పాలున్నది.

ఇగ వచ్చేటోళ్ల సంగతి. అమెరికోళ్లు బిల్లు మీద 15, 20 శాతం పెట్టిపోతరు. వాళ్ల దేశంల టిప్పులతోని కలిపి కనీస జీతం అందితే, యజమాని తన చేతి నుంచి గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని ఫెడరల్ చట్టం, 1991 నుంచి అది పెరుగలే. అందుకని వెయిటర్ కడుపు నింపేది తామేనని వాళ్లకు అలవాటైంది. టిప్పునే జీతమనుకుంటే పనోని బతుకు ఎట్లయితదో దాంట్లనే చూడు. జపాన్‌ల టిప్పు ఇచ్చే ఆనవాయితీనే లేదు. వాళ్లు దండం పెట్టి పోయిన్రంటే నీ పని నచ్చలేదని కాదు. మన తెలుగోళ్లు పిల్లాజెల్లతోని వస్తరు, నీ మాట విని "ఏ ఊరు తమ్మీ" అని అడుగుతరు. ప్రేమగ చెప్పు, కానీ ఊరి పేరు చెప్పి చెయ్యి చాపకు. దేశం చూసి, బట్టలు చూసి మర్యాద మార్చకు. అదే నీ పరువు.

వేములవాడల గుడి కాడి హోటల్ల నువ్వు పనిచేసినప్పుడు చూసిన. కోడె మొక్కు చెల్లించుకొని ఆకలితోని వచ్చిన ముసలోళ్లకు అడుగకముందే నీళ్లు పెడ్తుంటివి. సోంపు ప్లేట్ల పది రూపాయలు పెట్టినోనికీ, ఏమీ పెట్టనోనికీ ఒక్కతీరుగ వడ్డిస్తుంటివి. ఆ గుణం అక్కడ కూడా ఇడువకు. కానీ ఆ గుణాన్ని తక్కువ ధరకు అమ్ముకోకు. మంచిగ వడ్డించుడు నీ పని, ఆ పనికి జీతం నీ హక్కు. టిప్పు ఇచ్చుడు ఇయ్యకపోవుడు వచ్చినోళ్ల ఇష్టం. హక్కున్నకాడ గట్టిగ అడుగు, ఇష్టమున్నకాడ అడుగనే అడుగకు.

వచ్చిన టిప్పు చిన్నదైనా పుస్తకంల రాసుకో. ఇంటికి పంపేది జీతంలకెళ్లి పంపు, టిప్పు పక్కకు పెట్టు. ఆపదకు, లేదంటే అప్పు అసలు తీర్చేతందుకు పనికొస్తది.

ఇగ ఆ ఏజెంటుకు లైసెన్సు ఉన్నదా, సర్కారు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌ల పేరున్నదా చూడు. చట్టం ప్రకారం వాడు తీసుకునే ఫీజు 30,000 రూపాయలు, మీద జీఎస్టీ, అంతకు దాటద్దు. విజిట్ వీసా మీద పోయి పనిచేసుడు అక్కడ నేరం. హైదరాబాద్‌ల బయటి దేశాల కొలువులు చూపే మన సర్కారు సంస్థ టామ్‌కామ్ ఉన్నది, అక్కడ కూడా అర్సుకో.

సంతకం పెట్టకముందే ఒప్పందం కాగితం ఫోటో తీసి నాకు పంపు. బేసిక్ జీతంతోనే మిత్తి కట్టి, ఇంటికి పంపి, నీ తిండికి మిగులుతదా లేదా ఇద్దరం కూసోని లెక్క కడుదాం. టిప్పు లేకుండ లెక్క కుదిరితే నిశ్చింతగ పో. కుదరకపోతే ఆ కొలువు వద్దని చెప్పు. మీ అమ్మకు నేను సర్దిచెప్త.

మీ మామ