రాజీనామా కంటే ముందు రేస్ క్యాలెండర్

మాదాపూర్ ఆఫీసుల్లో రేసింగ్ పిచ్చి ఉన్నవాళ్లకు కొదవ లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు తిరిగాక అది ఇంకాస్త ముదిరింది. "పైథాన్ వచ్చు, డేటా వచ్చు, ఏదో ఒక టీమ్‌లో చేరిపోతా" అనేవాళ్లు ప్రతి ఫ్లోర్‌లోనూ ఉంటారు. చేరండి, కానీ పేస్లిప్ వదులుకుని కాదు.

మన ఊరి పేరు పెట్టుకున్న హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ టీమ్‌నే చూడండి. 2022లో ఇండియన్ రేసింగ్ లీగ్‌తో మొదలైంది. 2016లో లె మాన్స్ గెలిచిన స్విట్జర్లాండ్ డ్రైవర్ నీల్ జాని, మన అనిందిత్ రెడ్డి తొలి జట్టులో ఉన్నారు. ఆ నవంబరులో సాగర్ పక్కన జరగాల్సిన లీగ్ రేసులే జరగలేదు. తర్వాత కుర్రాళ్ల ఫార్ములా 4లోనూ టీమ్ దిగింది. 2024లో దక్షిణాఫ్రికా కుర్రాడు ఆకిల్ అలీభాయ్ ఈ జట్టు తరఫునే ఇండియన్ ఎఫ్4 ఛాంపియన్ అయ్యాడు. అదే ఏడు నాగచైతన్య టీమ్ యజమాని అయ్యాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో మళ్లీ మన ఊరికి రావాల్సిన ఫార్ములా ఈ మాత్రం రద్దయింది.

గెలుపు సంగతి సరే, కోకాపేట ఫ్లాట్ ఈఎంఐ కట్టేవాడు చూడాల్సింది ఆ రద్దుల్ని. చిన్న టీమ్ పిలిస్తే మొహమాటపడకుండా అడగండి: సీజన్‌లో ఎన్ని వారాంతాలు? మిగతా నెలల్లో జీతం ఉంటుందా? చెన్నై, కోయంబత్తూరు ప్రయాణం, బస ఎవరి ఖర్చు? "చూద్దాంలే" అన్నారంటే ఉద్యోగం లేదనే అర్థం. అనుభవం కోసం వెళ్లొచ్చు, అంతే.

ఇక పని. ఎఫ్4లో అందరిదీ ఒకే మైగేల్ కారు, ఒకే ఇంజన్. కొత్త భాగాలు కనిపెట్టే వీలు లేదు. తేడా అంతా టైర్ గాలి, సెట్టింగులు, డ్రైవర్ తప్పు దొరకబట్టడం దగ్గరే. పదహారేళ్ల పిల్లాడు కారు దిగి "వెనకాల జారుతోంది" అంటాడు. మీ ముందు రెండు ల్యాపుల గీతలు ఉంటాయి: బ్రేక్ ఒత్తిడి, స్టీరింగ్ కోణం, వేగం. రెండో ల్యాప్‌లో బ్రేక్ ఆలస్యంగా తొక్కాడు, మలుపులోకి ఎక్కువ వేగంతో వెళ్లాడు, బయటికొచ్చేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కలేకపోయాడు. మళ్లీ ట్రాక్ ఎక్కేలోపు ఆ ముక్క వాడికి అర్థమయ్యేలా ఒక్క వాక్యంలో చెప్పాలి. ఇరవై చార్టుల డ్యాష్‌బోర్డ్ అక్కడెవరికీ అక్కర్లేదు. మన కుర్రాళ్లు ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే.

అది నేర్చుకోవడానికి ఉద్యోగం మానక్కర్లేదు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ లాంటివి మార్షల్స్‌కు శిక్షణ ఇస్తాయి. జెండా పట్టుకుని ఎండలో నిలబడితే రేసు రోజు ఎలా నడుస్తుందో కళ్లారా తెలుస్తుంది. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఇంజనీరింగ్‌లో ఉంటే ఫార్ములా భారత్ పోటీకి కారు కట్టే జట్టులో చేరమనండి. డేటా ఎలా చదవాలో మీరూ సలహా ఇవ్వొచ్చు.

రేసు తేదీలు రాగానే శుక్రవారాలకు లీవ్ పెట్టేయండి. మేనేజర్‌కు ఉన్న మాటే చెప్పండి. జ్వరమని మెసేజ్ పెడితే, లైవ్‌లో పసుపు జెండా ఊపుతూ మీరే కనబడొచ్చు.