ఉచితానికి ఖర్చెంత?

సమాజానికి ఏదైనా చేయాలని ఉందని చెప్పే యువతను ఒక్క ప్రశ్న అడిగి చూడండి: రెండో ఏడాది జీతాలు ఎక్కడినుంచి ఇస్తావు? చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. మంచిపని గురించి మాట్లాడుతుంటే మధ్యలో డబ్బు గొడవేంటని నొచ్చుకుంటారు. సోషల్ ఎంటర్‌ప్రైజ్ పెట్టాలనుకునేవాళ్లు ముందు వదిలించుకోవాల్సింది ఈ మొహమాటాన్నే. ఎందుకంటే సోషల్ ఎంటర్‌ప్రైజ్ విరాళాల మీద బతికే సంస్థ కాదు. చేసే పనికి ధర కట్టి, ఆ రాబడితోనే నిలబడి, మిగిలింది మళ్లీ ఆ పనిలోనే పెట్టాలి.

ఉదాహరణకు, మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టేనాటికి ఆయనకు 58 ఏళ్లు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. వయసులో ఉండగానే కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకరపోయాయి. ఆ వేళ్లతోనే వేల శుక్లాల ఆపరేషన్లు చేశారు. మొదట్లో ఉన్నవి 11 పడకలే.

మనవాళ్లు ఈ కథను ఎప్పుడూ పట్టుదల కథగానే చెబుతారు. పట్టుదల లేదని కాదు. కానీ నన్నడిగితే ఆ ఆసుపత్రిని నిలబెట్టింది ఆపరేషన్ థియేటర్‌లోని రెండు బల్లలు. ఒక బల్లమీద ఆపరేషన్ నడుస్తుండగానే రెండోదాని మీద తర్వాతి రోగిని నర్సులు సిద్ధం చేస్తారు. ఇక్కడ పని అవగానే డాక్టరు అటు తిరుగుతారు, మైక్రోస్కోపూ ఆయనతోపాటే తిరుగుతుంది. ఆ గదిలో అన్నిటికంటే ఖరీదైనది డాక్టరు సమయం. అది వృథా కాకుండా చూసుకున్నారు. రోగిని సిద్ధం చేయడం, చూపు పరీక్షించడం లాంటి పనులన్నీ పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి అప్పగించారు. ఒక్కో ఆపరేషన్ ఖర్చు దిగింది కాబట్టే, ఇచ్చుకోగలిగినవాళ్ల ఫీజు ఇచ్చుకోలేనివాళ్లకూ సరిపోయింది. కంట్లో పెట్టే లెన్సు విషయంలోనూ అంతే. విదేశీ లెన్సు వంద డాలర్ల దగ్గర ఉన్న రోజుల్లో, 1992లో ఆరోల్యాబ్ పెట్టి తామే తయారుచేసి పది డాలర్ల స్థాయికి తెచ్చారు.

అయినా ఒకచోట దెబ్బతిన్నారు. ఆపరేషన్ పూర్తిగా ఉచితమన్నా, తాము పెట్టిన కంటి శిబిరాల్లో పరీక్ష చేయించుకున్నవాళ్లలో చాలామంది ఆసుపత్రికి రాలేదు. ఎందుకని ఆరా తీస్తే తెలిసింది: బస్సు చార్జీలు లేవు, అక్కడ తిండి ఎవరు పెడతారు, తోడు ఎవరొస్తారు, కత్తి అంటే భయం. ఉచితమన్నదానికి రోగి జేబులోంచి ఎంత పోతుందో అప్పుడు లెక్కలోకి వచ్చింది. బస్సు, భోజనం కూడా తామే పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇంకో దారి పట్టి, పల్లెలకు దగ్గర్లోనే విజన్ సెంటర్లు పెట్టుకుంటూ వెళ్లింది.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మీ ఊళ్లో మహిళలతో రాగిపిండి చేయించి పట్నంలో అమ్మాలనుకున్నారనుకోండి. రాగుల ధర, మరపట్టింపు, కవరు, కూలీ అందరూ లెక్కలో వేస్తారు. వేయనివి వేరే ఉంటాయి. షాపువాడు నెలరోజులు అరువు పెడతాడు. పురుగు పట్టిందని కొన్ని ప్యాకెట్లు తిప్పి పంపుతాడు. ఆటో ఖాళీగా తిరిగొస్తుంది. ఇక మీ సొంత జీతం! దాన్ని సున్నా వేసి లాభం చూపించే ప్రాజెక్టు రిపోర్టులు కోకొల్లలు. అది లాభం కాదు, మీ నాన్నగారు ఇస్తున్న విరాళం.

లెక్క ఎవరైనా నేర్చుకోవచ్చు. కష్టమైనది ధర చెప్పి, ఆ తర్వాత నోరు మూసుకోవడం. అవతలివాళ్లు ‘ఎక్కువ కదా’ అనగానే తగ్గించేస్తే, ఆ తగ్గించింది పిండి చేసిన అక్కల కూలీలోంచే పోతుంది. ఇంకో సంగతి: మన చుట్టాలు, స్నేహితులు అందరూ ‘చాలా మంచి ఆలోచనరా’ అంటారు. మొహమాటానికి అనే ఆ మాటని లెక్కలోకి తీసుకోకండి. ఒకసారి కొని, రెండోసారి తనంతట తాను అడిగిన మనిషే లెక్క. కొనడం మానేసినవాళ్ల ఇంటికి వెళ్లి, నొచ్చుకోకుండా కారణం వినగలగాలి. పిండి ఉండకట్టిందంటారు, పిల్లలు తినలేదంటారు. రాసుకుని రావాలి, వాదించకూడదు.

రిజిస్ట్రేషన్ గురించి అందరూ ముందే కంగారుపడతారు. నా దృష్టిలో అది చివరి పని. సొసైటీ అయినా, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ అయినా మిగులు సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పెట్టుకుంటే, పనిచేసే మహిళలే యజమానులవుతారు, మిగులులో వాళ్లకూ వాటా ఉంటుంది. ఏది మేలో తేలాలంటే ముందు మిగులు ఎంత, అది ఎవరికి చేరాలి అన్నది తెలియాలి. అందుకే ముందు నాలుగు వీధుల్లో ఓ నెలరోజులు అమ్మండి. అమ్మిందీ, అరువు పోయిందీ, తిరిగొచ్చిందీ రాసిన నోటుబుక్కు పట్టుకుని అప్పుడు ఆడిటర్ దగ్గరికి వెళ్లండి.