చీర ఒక్కడి చేతిలో తయారు కాదు: ఒక నేతన్న అనుభవ పాఠాలు

భూదాన్ పోచంపల్లి చుట్టుపక్కల చేనేత ఊళ్ళలో పుట్టి, మగ్గం గుంటలోనే వయసంతా గడిపినవాణ్ణి. ఇప్పుడు చూపు మందగించింది, మగ్గం పిల్లలకు అప్పగించాను. పని నాకు నేర్పిన మాటలు కొన్ని ఉన్నాయి. నేత తెలియని ఇళ్ళకు కూడా ఇవి పనికొస్తాయన్న నమ్మకంతో చెబుతున్నాను.

1. ఎవరి పనినీ చిన్నపని అనకండి

ఈ చీర ఎవరు నేశారని అడిగితే మగ్గం మీద కూర్చున్నవాడి పేరే చెబుతారు. కానీ అతని వెనక ఎందరో ఉంటారు. చిలప నూలు విప్పి రాట్నం మీద కండెలు చుట్టే ముసలమ్మ, ఆసు పోసే ఇల్లాలు, గీసిన గీతల ప్రకారం పోగులకు రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు ముక్కలతో చిటికి కట్టేవాళ్ళు, రంగు కాగుల ముందు ఆవిరిలో నిలబడేవాడు, పాత పడుగు (నిలువు పోగులు) అయిపోగానే కొత్త పోగులను ఒక్కొక్కటిగా అచ్చులోని పాత పోగుల కొసలకు అతికేవాళ్ళు. వీళ్ళలో ఏ ఒక్కరు రాకపోయినా మగ్గం ఆగుతుంది. మా ఇంట్లో అచ్చు అతికేవాళ్ళు వచ్చిన రోజు ముందు వాళ్ళకు అన్నం పెట్టి, తర్వాతే మేం తినేవాళ్ళం. మనం పిలిచే పిలుపులో, పెట్టే అన్నంలో, ఆలస్యం చేయకుండా ఇచ్చే కూలిలో గౌరవం కనబడాలి.

2. పక్కవాళ్ళ నొప్పి మీ కంట పడాలి

చిటికి కట్టడానికి ముందు ఆసు పోయాలి. ఒక కొసన ఉన్న మేకుకూ ఎదురుగా వరసగా ఉన్న మేకులకూ మధ్య దారాన్ని తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడుతుంది. మా ఊళ్ళ ఆడవాళ్ళకు భుజాలు పడిపోయింది ఈ పనితోనే. అందరం చూశాం, ఇది ఇంతేలే అనుకున్నాం. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు మాత్రం తల్లి లక్ష్మి పడే బాధ చూసి ఊరుకోలేదు. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. 1992లో మొదలుపెట్టి, కూలిపనులు చేసుకుంటూ, వచ్చిన డబ్బు విడిభాగాలకు పెడుతూ, 1999కి ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. బిరుదుకన్నా నాకు గొప్పగా అనిపించేది, ఎందరో తల్లుల భుజాలకు ఆయన వల్ల దొరికిన విశ్రాంతి.

3. ఆగిన పని దగ్గరే మళ్ళీ కూర్చోండి

వానాకాలంలో మగ్గం గుంటలోకి నీళ్ళొస్తాయి. పడుగు చెమ్మపట్టి నేత సాగదు. అప్పుడు పని ఉన్న ఇల్లు పని లేని ఇంటికి కండెలో చిటికో పంచి ఇచ్చేది. అలా వానాకాలం గట్టెక్కేవాళ్ళం. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దుకాణాలు మూతబడి, నేసిన చీరలు ఇళ్ళలోనే పేరుకుపోయాయి. నేతగాళ్ళు కొందరు ఉపాధి హామీ పనికి వెళ్ళి తట్టలు మోశారు. అందులో తలవంపు ఏమీ లేదు. పిల్లల కడుపు నింపిన ఏ పనైనా మర్యాద గల పనే. కొనేవాళ్ళు తిరిగి రాగానే వాళ్ళు మళ్ళీ నాడె పట్టారు. ధైర్యం ఒంటరిగా ఎక్కువ రోజులు నిలవదు, ఇరుగుపొరుగు తోడుంటే నిలుస్తుంది.

4. లెక్కతో అడగండి, ముందుకొచ్చి ఇవ్వండి

1951 ఏప్రిల్ 18న సర్వోదయ నాయకుడు వినోబా భావే గారు పోచంపల్లి దళితవాడకు వచ్చారు. ఎంత భూమి ఉంటే బతుకుతారని అడిగితే 40 కుటుంబాలవాళ్ళు 80 ఎకరాలు చాలన్నారు. ఆశకు పోలేదు, అవసరం చెప్పారు. ప్రభుత్వం దాకా పోకుండా ఊళ్ళోనే ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినవాళ్ళ నిజాయితీ, ఇచ్చినవాడి చొరవ కలిసి భూదానోద్యమం పుట్టింది. ఊరిలో ఏ కష్టం వచ్చినా ముందు మనలో ఎవరు ఏం చేయగలరో చూసుకోవాలి.

5. తొందరపడి పని చెడగొట్టకండి

చిటికి ముడి వదులైతే రంగు లోపలికి దిగుతుంది. ఆ మచ్చ పడుగు అంతటా వస్తుంది, నేసేటప్పుడు దాన్ని ఎవరూ దిద్దలేరు. అందుకే కట్టేటప్పుడే ఓపిక పట్టాలి. అమ్మేటప్పుడూ అంతే నిజాయితీ ఉండాలి. మా చిటికి చీర రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పూల అంచులు కొంచెం అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. మిషను మీద ప్రింటు వేసిన బట్టను చేనేత అని అమ్మడం మోసం. దానివల్ల కొన్నవాళ్ళూ నష్టపోతారు, నేసినవాళ్ళ కూడూ పోతుంది.

6. ఇంటి ఆడవాళ్ళ కష్టానికి పేరు పెట్టండి

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత కార్మికుల్లో 70 శాతానికి పైగా ఆడవాళ్ళే. అయినా మా ఊళ్ళలో మజూరి మగవాడి చేతికి వచ్చేది, బ్యాంకు ఖాతా అతని పేరునే ఉండేది. కండె చుట్టినా, ఆసు పోసినా ఆమెది ఇంటిపనిగానే లెక్కకట్టేవాళ్ళం. అది అన్యాయం. ఆమె పేరున గుర్తింపు కార్డు తీయించండి, ఆమె డబ్బు ఆమె చేతికే ఇవ్వండి.

7. నచ్చని మాట విన్నా మీటింగు వదిలి పోకండి

ఒంటరి నేతగాడికి నూలు ధర చెప్పేది ఒకరు, చీర ధర కట్టేది ఇంకొకరు. సంఘంగా కూడితేనే మన మాట చెల్లుతుంది. అందుకే కొండా లక్ష్మణ్ బాపూజీ వంటి పెద్దలు చేనేత సహకార సంఘాల కోసం అంతగా పాటుపడ్డారు. సంఘంలో కొట్లాటలు వస్తాయి, లెక్కలు గట్టిగానే అడగాలి. అడిగేటప్పుడు ఎదుటివాణ్ణి అన్నా, తమ్మీ అని పిలిచే నోరు మారకూడదు. రేపు పడుగు పట్టడానికి మళ్ళీ అతనే రావాలి.

చదివేవాళ్ళకు నా మనవి ఒక్కటే. మీకోసం బట్ట ఉతికేవాళ్ళు, వీధి ఊడ్చేవాళ్ళు, పాలు పోసేవాళ్ళు, గోడ కట్టేవాళ్ళు ఎవరైనా సరే, వాళ్ళ పేరు తెలుసుకోండి, మర్యాదగా పిలవండి, కూలి ఆ పూటే ఇవ్వండి. మీ పని మీరు ఒళ్ళు వంచి చేయండి. కష్టం వచ్చిన ఇంటి తలుపు మీరే ముందు తట్టండి.