క్లోన్ చేశాక బ్రాంచీల సంగతి: చందాపుర కుర్రాళ్లకు కొన్ని పాఠాలు

చందాపురలో గది తీసుకుని ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లొచ్చే మన పిల్లలు గిట్ కొత్తగా పట్టుకున్నప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, క్లోన్ చేశా. బ్రాంచీలన్నీ ఏమైపోయాయి?"

1. ఎక్కడికీ పోలేదు. మామూలు క్లోన్‌తో అన్ని బ్రాంచీల చరిత్రా మీ మెషీన్లోకి దిగుతుంది. లోకల్ బ్రాంచ్‌గా తయారయ్యేది మాత్రం ఒక్కటే, సర్వర్‌లో డిఫాల్ట్‌గా పెట్టినది. మిగతావి పేరుకు ముందు ఆరిజిన్ తగిలించుకుని ఉంటాయి. 'గిట్ బ్రాంచ్' కొడితే కనపడవు, దానికి 'మైనస్ ఏ' కలపండి.

2. తిప్పలన్నీ ఇక్కడే. పేమెంట్స్ అనే బ్రాంచ్ ఉందనుకోండి. మీ దగ్గర కనిపించే ఆరిజిన్/పేమెంట్స్ సర్వర్‌లోని పేమెంట్స్ కాదు, మీ పేమెంట్స్ కూడా కాదు. సర్వర్‌తో మీ మెషీన్ చివరిసారి మాట్లాడినప్పుడు ఆ బ్రాంచ్ ఎక్కడుందో రాసిపెట్టుకున్న గుర్తు, అంతే. బొమ్మసంద్ర దగ్గర ట్రాఫిక్ లేదని పొద్దున ఎవరో చెప్పిన మాట నమ్మి సాయంత్రం బయల్దేరితే ఏమవుతుందో మీకు తెలుసు. గిట్ స్టేటస్ 'అప్ టు డేట్' అన్నా ఆ పాత గుర్తుతో పోల్చే అంటుంది, సర్వర్‌ని అడగదు. ముందు ఫెచ్ చేయండి. ఫెచ్ గుర్తుల్ని సరిచేస్తుంది, మీ లోకల్ బ్రాంచ్‌ని ముట్టుకోదు. భయపడాల్సిన పనే లేదు. ఎస్‌వీఎన్‌తో పెరిగిన నా తరానికి లోకల్ ఒకటి, ఆరిజిన్ గుర్తు ఒకటి అనే ఈ రెండు లెక్కలు వింతగా తోచాయి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ని లినక్స్ కెర్నల్ పని కోసం రాశాడు. ఎక్కడెక్కడి వాళ్లో ఎవరి పూర్తి కాపీలో వాళ్లు పనిచేయాలి కాబట్టి నాది, అవతలిది అని విడదీయక తప్పదు.

3. ఇంకొకరి బ్రాంచ్‌లో పనిచేయాలంటే ఆరిజిన్ వదిలేసి 'గిట్ స్విచ్ పేమెంట్స్' అనండి. లోకల్ బ్రాంచ్ పుడుతుంది, అవతలి దానితో ముడి కూడా పడుతుంది. 2019లో 2.23 వెర్షన్‌తో వచ్చింది ఈ స్విచ్. పాత అలవాటుతో 'గిట్ చెక్అవుట్ ఆరిజిన్/పేమెంట్స్' అంటే డిటాచ్డ్ హెడ్‌లో పడతారు. అక్కడ చేసిన కమిట్లకు ఏ బ్రాంచీ దిక్కుండదు. వెంటనే 'గిట్ స్విచ్ మైనస్ సీ' కొట్టి పేరు పెట్టేయండి. రెండు రిమోట్లలో అదే పేరు ఉంటే మాత్రం ఏది కావాలో మీరే చెప్పాలి.

4. ఉన్న బ్రాంచీలన్నిటినీ లోకల్ చేసేసే స్క్రిప్టులు వద్దు. పట్టించుకోని బ్రాంచీలు వారానికే పాతబడతాయి. రిపాజిటరీనే వేరేచోటికి మార్చాలా? 'మిర్రర్' క్లోన్ ఉంది.

5. పీజీ వైఫై నెమ్మదని 'డెప్త్ 1' పెట్టి క్లోన్ చేశారా? అప్పుడు మిగతా బ్రాంచీలు నిజంగానే రావు. 'నో సింగిల్ బ్రాంచ్' కూడా చేర్చాలి.

6. సర్వర్‌లో బ్రాంచ్ తీసేసినా మీ దగ్గర గుర్తు మిగిలే ఉంటుంది. 'ఫెచ్ ప్రూన్' దాన్ని తుడుస్తుంది, మీ లోకల్ బ్రాంచ్ జోలికి రాదు. 'గిట్ బ్రాంచ్ మైనస్ వీవీ' కొడితే ఆ లోకల్ పక్కన 'గాన్' అని పడుతుంది. దాన్ని చిన్న డి‌తో తీయబోతే, స్క్వాష్ చేసి కలిపే టీముల్లో, పని మెయిన్‌లో చేరినా గిట్ ఒప్పుకోకపోవచ్చు. మీ మార్పులు మెయిన్‌లో ఉన్నాయని కళ్లారా చూశాకే పెద్ద డి కొట్టండి.