పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా

లెక్కల క్లాసు: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ హైస్కూలు. పదో తరగతిలో 62 మంది. శ్రేఢులు చెబుతుంటే ముందు రెండు బెంచీలు తప్ప ఎవరూ నా వైపు చూడరు. ట్రైనింగుకి వెళ్తే కృత్యాలు చేయించమంటారు. 62 మందితో కృత్యం అంటే చేపల బజారే. ఇక సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?
— ఒక స్కూల్ అసిస్టెంట్, నల్గొండ జిల్లా

సమాధానం: చేపల బజారులోనూ లెక్కలు బాగానే జరుగుతాయండీ, గోలకి భయపడకండి. సిలబస్ బాధ మాత్రం నిజమే. అందుకే పాఠానికో కృత్యం పెట్టమని నేను చెప్పను, నెలకి రెండు చాలు. కాకపోతే అవి సూత్రం చెప్పకముందే జరగాలి. సూత్రం బోర్డు మీద రాసేశాక చేయించే కృత్యం, హంతకుడెవరో ముందే తెలిసిపోయిన డిటెక్టివ్ నవల.

శ్రేఢులకి ముగ్గును మించిన పరికరం నాకు తెలీదు. "15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క." ధనుర్మాసంలో ఈ మాట వినని పిల్ల మీ క్లాసులో ఉండదు. వరండాలోకి తీసుకెళ్లి, ఆరుగురికో సుద్దముక్క ఇచ్చి చుక్కలు పెట్టించండి. నడుమ వరసలో 15, దాని పైనా కిందా 14, ఆపైన 13, అలా 8 దాకా. అప్పుడు ఒక్కటే అడగండి: మొత్తం చుక్కలెన్ని? కొందరు వేలు పెట్టి లెక్కిస్తారు, లెక్కించనివ్వండి. ఎవరో ఒకరు పై వరసలోని 8కి నడుమ ఉన్న 15ని, 9కి 14ని జతచేసి, జతకి 23 చొప్పున నాలుగు జతలు, 92 అంటారు. అంకశ్రేఢి మొత్తం సూత్రం అప్పటికే సగం దొరికినట్టు. కింద మిగిలిన 14 నుంచి 8 దాకా 77. మొత్తం 169.

ఇక్కడ ఆపినా పీరియడ్ గిట్టుబాటే. కానీ అసలు మజా చిన్న ముగ్గుల్లో ఉంది. 3 చుక్కలు 2 వచ్చేదాకా పెడితే 7. 5 నుంచి 3 దాకా 19. 7 నుంచి 4 దాకా 37. 9 నుంచి 5 దాకా 61. ఒంటి చుక్కని కూడా కలుపుకుని 1, 7, 19, 37, 61 అని బోర్డు మీద రాసి, ఒక్కోటీ కూడుతూ పొమ్మనండి. 1, 8, 27, 64, 125. అన్నీ ఘనాలే!

ఎందుకొచ్చాయని పిల్లలు అడిగితే మీ పంట పండినట్టే. క్లాసులో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర రూబిక్ క్యూబ్ ఉంటుంది, తెప్పించండి. దాన్ని ఒక మూల మన కళ్లకి ఎదురుగా వచ్చేలా పట్టుకుంటే మూడు ముఖాలు కనిపిస్తాయి, అంచు ఆరు మూలల ముగ్గులాగే ఉంటుంది. కనిపించే చిన్న గళ్లపెట్టెల్ని లెక్కపెట్టిస్తే 19. వెనక దాగినవి 8. 27లోంచి 8 పోతే 19, అదే మన 5 చుక్కల ముగ్గు. 15 చుక్కల ముగ్గు దగ్గరికొచ్చేసరికి కూడిక 512 అవుతుంది, అంటే ఎనిమిది ఘనం.

అబ్బాయిలకి ముగ్గులు రావని కొందరు టీచర్లు అంటారు. చుక్కలు పెట్టడానికి రావాల్సిందేముంది? నా క్లాసులో ఒకసారి అబ్బాయిలే ముందు 169 చెప్పారు. ముగ్గు కలపడం రాక చుక్కల దగ్గరే ఆగిపోయారు మరి.

ప్రశ్న: త్రికోణమితి పట్టిక నిద్రలో లేపినా చెప్తారు సార్ మా పిల్లలు. "ఒక స్తంభం పాదం నుంచి 30 మీటర్ల దూరంలో..." అనగానే పెన్ను కింద పెట్టేస్తారు. ఎలా?
— ఒక ఉపాధ్యాయిని, పార్వతీపురం

సమాధానం: ఆ స్తంభాన్ని వాళ్లెప్పుడూ చూడలేదు కదమ్మా. మీ బడిలో వేపచెట్టో, జెండా కర్రో, ఓవర్‌హెడ్ ట్యాంకో ఉంటుంది. దాన్ని కొలిపించండి.

జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసుకుని, తిన్నటి అంచు మీద స్ట్రా అంటించాలి. మధ్య బిందువు దగ్గర దారం కట్టి, చివర బోల్టు వేలాడదీయాలి. స్ట్రాలోంచి చెట్టు కొస కనిపించేలా ఒకరు చూస్తే, దారం ఎక్కడ ఆగిందో పక్కవాళ్లు చదువుతారు. తిన్నగా ఎదురుగా చూసినప్పుడు దారం 90 మీద ఉంటుంది. కాబట్టి దారం 48 మీద ఆగితే ఊర్ధ్వకోణం 42. ఈ తీసివేత సంగతి మీరు ముందే చెప్పకండి. తిన్నగా చూసినా 90 ఎందుకు చూపిస్తోందని వాళ్లే తగువు పడాలి.

చెట్టుకి 12 మీటర్ల దూరంలో నిలబడితే 42 డిగ్రీలు వచ్చిందనుకుందాం. టాన్ 42 అంటే సుమారు 0.9. అంటే 10.8 మీటర్లు. చూసిన పిల్ల కంటి ఎత్తు 1.4 మీటర్లు కలిపితే 12.2. ఈ కంటి ఎత్తు కలపడం పుస్తకంలో లెక్క చేసినన్నాళ్లూ మర్చిపోతారు. ఒకసారి ఎండలో నిలబడి చూశాక మర్చిపోరు. పట్టిక లేకుండా కూడా పని జరుగుతుంది: కోణం 45 వచ్చేదాకా వెనక్కి నడిచి, అక్కణ్ణుంచి చెట్టు మొదలుకి దూరం కొలిచి కంటి ఎత్తు కలిపితే సరి.

అయిదు జట్లకీ అయిదు సమాధానాలు వస్తాయి. రానివ్వండి. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో శంకువు ఘనపరిమాణం చెప్పడానికి చార్టుతో శంకువూ, అదే వ్యాసార్ధం, అదే ఎత్తు ఉన్న స్థూపమూ చేసి ఇసుక పోశాను. మూడు శంకువులకి స్థూపం నిండాలి. నా చార్టు పొట్ట ఉబ్బి, రెండున్నరకే నిండిపోయింది. నేను మిగిలిన ఇసుకని గుట్టగా కుమ్మరించి "చూశారా, మూడు" అన్నాను. మూడో బెంచీలో కుర్రాడు లేచి, "మూడని మీకు ముందే తెలిసినప్పుడు మళ్లీ కొలవడం ఎందుకు సార్?" అన్నాడు. కూర్చోమన్నాను. ఆ రోజు చెప్పాల్సిన పాఠం ఆ అర శంకువు తేడాలోనే ఉంది: కాగితం ఎక్కడ ఉబ్బింది, ఇసుక ఎక్కడ అణిగింది, అసలు కొలిచి తేల్చడానికీ నిరూపించడానికీ తేడా ఏమిటి. అదంతా ఊడ్చి బయట పారబోశాను, ఇసుకతో పాటు.

ప్రశ్న: సంభావ్యత అంటే నాణెం, పాచిక, పేకముక్కలు. అంతకంటే వేరే లేదా? పేకముక్కలైతే హెచ్ఎం గారు తేవద్దన్నారు.
— ఒక టీచరు, అనంతపురం జిల్లా

సమాధానం: హెచ్ఎం గారిని నొప్పించకుండా హాజరు పట్టీ తీయండి. క్లాసులో 40 మంది ఉంటే, ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీన పడే అవకాశం ఎంతో ముందు ఊహించి రాయమనండి. 365 రోజులకి 40 మందే కదా అని అందరూ తక్కువే రాస్తారు. లెక్క ప్రకారం సుమారు 89 శాతం. 23 మంది ఉంటే చాలు, సగం దాటుతుంది. ఎందుకంటే మనం చూడాల్సింది 23 మందిని కాదు, వాళ్లలో ఏర్పడే 253 జతల్ని.

మన ఊళ్లలో దీనికింకో కొసరు ఉంది. ఇంట్లో తాతయ్య, నాయనమ్మల ఆధార్ తేదీలు కూడా రాసుకురమ్మనండి. జనవరి 1, జూలై 1 కుప్పలుగా వస్తాయి. పుట్టిన తేదీ తెలియనివాళ్లకి ఆఫీసులో ఏదో ఒకటి వేశారు, బడిలో చేర్చుకున్న మాస్టారు ఇంకొకటి వేశారు. నా సర్టిఫికెట్లోదీ జూలై 1వ తేదీయే. మా అమ్మ మాత్రం నేను వినాయక చవితి ముందు రోజు పుట్టానంటుంది. పుస్తకంలో "సమసంభవ ఘటనలు" అని ఒక ముక్క ఉంటుంది, పిల్లలు దాన్ని దాటుకుని పోతారు. తాతయ్యల పట్టీ, పిల్లల పట్టీ పక్కపక్కన పెడితే, తేదీలన్నీ సమసంభవం కాకపోతే లెక్క ఎలా మారుతుందో కళ్లముందే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కల క్లాసులో కాగితాలు మడతపెట్టించారట. పబ్లిక్ పరీక్షలో కాగితాలు మడవమంటారా?
— ఒక తండ్రి, గుంటూరు

సమాధానం: అడగరండీ. కానీ కాగితం మడిచి జ్యామితి నేర్పడం నిన్నమొన్నటి ఫ్యాషనేమీ కాదు. టి. సుందరరావు అనే ఆయన 1893లో మద్రాసులో దీని మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశారు, జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దాన్ని మెచ్చుకున్నారు. అమ్మాయి ఇంటికి రాగానే, త్రిభుజం మూడు మూలలూ మడిచి ఒక్కచోటికి చేర్చి చూపించమనండి. అవి సరళకోణంగా కుదురుకుంటాయి. తర్వాత "అన్ని త్రిభుజాలకీ ఇంతేనా, ఎలా చెప్పగలవు?" అని అడగండి. పరీక్షలో మార్కులు వచ్చేది ఆ రెండో ప్రశ్నకి.

ప్రశ్న: వేరే టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్‌కి నన్ను పంపిస్తారు. ఏ సామానూ ఉండదు, పాఠం చెప్పే వీలూ ఉండదు. ఏం చేయించను?
— ఒక యువ టీచరు, ఖమ్మం

సమాధానం: నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో దత్తాత్రేయ కాప్రేకర్ అని ఒక బడిపంతులు ఉండేవారు. 1949లో ఆయన కనిపెట్టిన ఆట మీకు సరిపోతుంది. నాలుగంకెల సంఖ్య ఒకటి అనుకోవాలి, నాలుగూ ఒకే అంకె కాకూడదు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి, చిన్న నుంచి పెద్దకి పేర్చి, పెద్ద సంఖ్యలోంచి చిన్నది తీసేయాలి. వచ్చినదానితో మళ్లీ అదే పని. 3524 తీసుకుంటే, 5432లోంచి 2345 పోతే 3087. 8730లోంచి 0378 పోతే 8352. 8532లోంచి 2358 పోతే 6174. ఇక అక్కణ్ణుంచి కదలదు. క్లాసులో ఎవరు ఏ సంఖ్య తీసుకున్నా ఏడు తీసివేతల లోపు అక్కడికే చేరతారు.

చేరనివాళ్లు ఉంటారు, తీసివేతలో తప్పు చేసినవాళ్లు. మీరు దిద్దక్కర్లేదు, పక్కవాడి కాగితం చూసి వాళ్లే దిద్దుకుంటారు. ఒక్క జాగ్రత్త: మధ్యలో 999 వస్తే ముందు సున్నా చేర్చి 0999గా రాయాలి, లేకపోతే ఆట అక్కడే సున్నా అయిపోతుంది.

పది నిమిషాల్లో అయిపోతే మూడంకెలతో చేయమనండి. ఏ సంఖ్య దగ్గర ఆగుతుందో మీకూ నేను చెప్పను. పిల్లలతో పాటు కూర్చుని చేయండి.